పక్షవాతం తర్వాత స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు మెదడులో ఏం మారుతుంది?

మీ ప్రశ్నను ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. 61 ఏళ్ళ మీ అమ్మగారికి ఏడు నెలల క్రితం మెదడు లోపల స్పర్శ సమాచారాన్ని పైపొరకు అందించే ఎడమ థాలమస్‌కు రక్తం అందక పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు కదలిక చాలావరకు తిరిగి వచ్చాయి గానీ కుడి చేతి వేళ్ళలో స్పర్శ రాలేదు. పోయిన నెల పొయ్యి మీది గిన్నె పట్టుకుని వేళ్ళు బొబ్బలెక్కినా ఆవిడకు తెలియలేదు. ఆరు నెలలు దాటాక ఇక వచ్చేదేమీ ఉండదని ఎవరో చెప్పారు. ఈమధ్య ఆ చేతిలో చిమచిమలు మొదలయ్యాయి. స్పర్శ తిరిగి వస్తుందా, వస్తే మెదడులో ఏం మారడం వల్ల వస్తుంది, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ తీయిస్తే ఆ మార్పు కనిపిస్తుందా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. ఏడు నెలల తర్వాత కూడా స్పర్శ మెరుగుపడే అవకాశం ఉంది. అయితే దానంతట అది వచ్చే దశ చాలావరకు గడిచిపోయింది. ఇకపై వచ్చేది సాధనతో రావాలి. చనిపోయిన నాడీకణాలు తిరిగి బతకవు. మిగిలిన కణాలు, మిగిలిన దారులు ఆ పనిని తమ మీద వేసుకోవడమే మెదడులో జరిగే మార్పు. ఆ మార్పు చేతిని రుద్దినంత మాత్రాన రాదు. తాకిన వస్తువు ఏమిటో మెదడు తేల్చుకోవలసిన అవసరాన్ని మనం మళ్ళీ మళ్ళీ కల్పిస్తేనే వస్తుంది. పూర్తిగా మునుపటిలా అవుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు. పక్షవాతం వచ్చిన వారికి చేతి పనులు తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా గుంటూరు, విజయవాడల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ముందు స్పర్శ ప్రయాణించే దారి సంగతి చూద్దాం, ఎందుకంటే దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టే తర్వాతి కథ అంతా మారుతుంది. వేలి కొసన తాకిన సమాచారం చేతి నరాల గుండా వెన్నుపాముకు చేరి, దాని వెనక భాగంలోని తంతువుల కట్టలో అదే వైపున పైకి వెళ్ళి, మెదడు కాండం అడుగు భాగంలో రెండో వైపుకు దాటి, థాలమస్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకైన మార్గం గుండా మెదడు పైపొరలోని ప్రాథమిక స్పర్శ ప్రాంతానికి వెళ్తుంది. దాన్ని ఎస్1 అంటారు. దానికి కాస్త కిందుగా, మడతలో దాగి ఉండే ద్వితీయ స్పర్శ ప్రాంతాన్ని ఎస్2 అంటారు. నొప్పి, వేడి, చలి అనే సమాచారం వెన్నుపాములో వేరే దారిన వచ్చినా, అది కూడా థాలమస్‌కు చేరవలసిందే. కృష్ణా డెల్టాలో పెరిగిన వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: లాకులు దెబ్బతింటే పొలం బాగానే ఉన్నా నీరు అందదు, పొలమే కోసుకుపోతే కాలువ నిండా నీరున్నా పంట పండదు. ఇక్కడ లాకులు థాలమస్, పొలం మెదడు పైపొర. మీ అమ్మగారిది లాకుల దగ్గర దెబ్బ. అందుకే ఆవిడకు మెత్తని స్పర్శతో పాటు వేడి కూడా తెలియలేదు.

రెండో రకం ఎలా ఉంటుందో చెప్పడానికి నేను చూసిన ఒక లారీ మెకానిక్ మంచి ఉదాహరణ. ఆయనకు పైపొరలోని స్పర్శ ప్రాంతమే దెబ్బతింది. దూదితో తాకితే తెలిసేది, సూది మొన గుచ్చితే చేయి వెనక్కి తీసుకునేవారు, వేడి తెలిసేది. కానీ కళ్ళు మూయించి చేతిలో నట్టు పెడితే అది నట్టో, బోల్టో, తాళంచెవో చెప్పలేకపోయేవారు. ఇంజన్ కింద కంటికి ఆనని చోట వేళ్ళతోనే సైజు పోల్చుకుని నట్టు బిగించిన మనిషికి అది ఎంత పెద్ద నష్టమో ఆలోచించండి. బయటివారికి ఆయన చేయి "బాగైపోయింది", ఎందుకంటే కదులుతోంది.

కదలిక వచ్చింది కాబట్టి చేయి బాగైందనుకోవడం మన దగ్గర చాలా చోట్ల జరిగే పొరపాటు. పక్షవాతం వచ్చిన వారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక రకమైన స్పర్శలోపం ఉంటుంది. అయినా డిశ్చార్జి కాగితాల్లో దాని ప్రస్తావన తరచుగా ఒక్క ముక్కతో ముగుస్తుంది. స్పర్శ లేని చేతికి బలం ఉన్నా పని జరగదు. పేపర్ కప్పు పట్టుకుంటే నలిగిపోతుంది, స్టీలు గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది, ఎందుకంటే ఎంత గట్టిగా పట్టాలో చెప్పే సమాచారం వెనక్కి రావడం లేదు. అన్నం ముద్ద చేసి నోటి దాకా తెచ్చేటప్పుడు చూపు చేతి మీద ఉన్నంత సేపు బాగానే ఉంటుంది. చూపు టీవీ వైపు తిరగగానే ముద్ద వేళ్ళ సందుల్లోంచి కంచంలోకి జారిపోతుంది. మీ అమ్మగారు భోంచేస్తుండగా ఆవిడకు ఇబ్బంది కలగకుండా ఒకసారి గమనించండి, నేను చెబుతున్నది మీకు కనిపిస్తుంది. ఇలా ఇబ్బంది పడిన మనిషి క్రమంగా ఆ చేతిని వాడడం మానేస్తారు. వాడకపోవడం వల్ల మెదడుకు ఆ చేతి నుంచి వచ్చే సమాచారం ఇంకా తగ్గిపోతుంది.

ఇప్పుడు మెదడులో జరిగే మార్పుల సంగతికి వస్తాను. ఇవి ఒకదాని మీద ఒకటిగా జరుగుతాయి కాబట్టి తేదీలు వేసి విడదీయడం కుదరదు, కానీ క్రమం ఉంది.

మొదటి రోజుల్లో, వారాల్లో వచ్చే మెరుగుదలలో పెద్ద భాగం కొత్తగా నేర్చుకున్నది కాదు. దెబ్బతిన్న చోటు చుట్టూ వాపు తగ్గుతుంది. రక్తం తక్కువై మూగబోయినా చనిపోని కణాలు తిరిగి పనిలోకి వస్తాయి. ఇంకొకటి కూడా జరుగుతుంది. దెబ్బ తగిలిన చోటుతో అనుసంధానమై, దూరంగా క్షేమంగా ఉన్న భాగాలు కూడా కొంతకాలం స్తంభించిపోతాయి. కాన్‌స్టాంటిన్ ఫాన్ మొనాకోవ్ అనే నాడీశాస్త్రవేత్త 1914లో దీనికి డయాస్కిసిస్ అని పేరు పెట్టారు. థాలమస్ దెబ్బతిన్నప్పుడు పైపొరలోని ఎస్1 చెక్కుచెదరకుండా ఉండి కూడా నిస్తేజంగా ఉండడం దీనికి తగిన ఉదాహరణ. ఈ స్తబ్దత వీడేకొద్దీ కొంత స్పర్శ దానంతట అదే వస్తుంది. కుటుంబాలు ఏ మందు వాడినా, ఏ నూనె రాసినా ఈ దశలో ఫలితం కనిపించినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఆ తర్వాతి వారాల్లో, నెలల్లో మిగిలిన కణాలు కొత్త కొమ్మలు వేస్తాయి. అంతకుముందే ఉండి, బలమైన దారుల ముందు అణగి ఉన్న సన్నని అనుసంధానాలు బయటపడతాయి. జంతువుల్లో చేసిన పరిశోధనల్లో ఈ చురుకుదనం మొదటి కొన్ని వారాల్లో బాగా ఎక్కువగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. మనుషుల్లో మొదటి మూడు నెలల నుంచి ఆరు నెలల దాకా సహజమైన కోలుకోవడం వేగంగా ఉండడానికి దీన్నే ఒక కారణంగా భావిస్తారు. మీరు విన్న "ఆరు నెలల" మాట ఇక్కడి నుంచే వచ్చింది. అది సగటు మనిషిలో సహజంగా వచ్చే మార్పు నెమ్మదించే కాలం. నేర్చుకునే శక్తి ఆగిపోయే గడువు కాదు. మెదడుకు నేర్చుకునే శక్తి ప్రాణం ఉన్నంత కాలం ఉంటుంది. 61 ఏళ్ళ మనిషి కొత్త ఫోను వాడడం నేర్చుకుంటున్నారంటే ఆ శక్తి ఉన్నట్టే కదా.

మూడో మార్పు పటాలకు సంబంధించినది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెలకువగా ఉన్న రోగుల మెదడుకు శస్త్రచికిత్స చేస్తూ, పైపొర మీద విద్యుత్తుతో తాకినప్పుడు వారికి ఒంటిలో ఎక్కడ స్పర్శ తెలుస్తోందో అడిగి నమోదు చేశారు. సహచరుడు బోల్డ్రీతో కలిసి 1937లో ప్రచురించిన ఆ పటంలో చేతి వేళ్ళకు, పెదవులకు దక్కిన చోటు మొత్తం వీపుకు దక్కిన దానికంటే ఎంతో ఎక్కువ. చేయి పక్కనే ముఖం ఉంటుంది. చాలాకాలం ఈ పటం పెద్దవయసులో మారదనుకున్నారు. మైఖేల్ మెర్జెనిచ్, జాన్ కాస్ 1980లలో కోతుల చేతి నరాన్ని కోసి చూసినప్పుడు, ఆ నరం నుంచి సమాచారం రాక ఖాళీ అయిన చోటును పక్క భాగాలు ఆక్రమించడం కనిపించింది. రాండాల్ నూడో బృందం 1996లో చూపినది మనకు ఇంకా దగ్గరి విషయం: కోతుల మెదడులో చేతి కదలికల ప్రాంతంలో చిన్న పక్షవాతం కలిగించాక, శిక్షణ ఇవ్వకపోతే దెబ్బతినని పక్క భాగంలో కూడా చేతికి ఉన్న చోటు తగ్గిపోయింది; శిక్షణ ఇస్తే ఆ చోటు నిలిచింది. అది కదలిక గురించిన ప్రయోగమే అయినా, వాడని చేయి మెదడులో చోటు కోల్పోతుందన్న విషయం స్పర్శకూ వర్తిస్తుంది.

స్పర్శ బాగా తిరిగి వచ్చిన వారికి ఫంక్షనల్ ఎంఆర్‌ఐ చేసిన అధ్యయనాల్లో సాధారణంగా కనిపించేది ఇది. దెబ్బతిన్న వైపు ఎస్1లో, చేతిని తాకినప్పుడు కలిగే చురుకుదనం మళ్ళీ మొదలవుతుంది. రెండు వైపులా ఉన్న ఎస్2 ప్రాంతాలు పనిలో చేరతాయి. ఎస్2కు రెండు చేతుల నుంచీ సమాచారం అందుతుంది కాబట్టి అది ఇలా ఆదుకోగలదు. వీటితో పాటు, శ్రద్ధ పెట్టడానికి పనికివచ్చే ముందు భాగాలు, పక్క భాగాలు కూడా ఎక్కువగా శ్రమిస్తాయి. థాలమస్ దెబ్బతిన్న వారిలో, పైపొర దెబ్బతిన్న వారిలో ఈ చురుకుదనపు తీరు ఒకేలా ఉండదు. థాలమస్ రకంలో పైపొర మిగిలే ఉంటుంది, కాబట్టి సన్నని దారి ఏదైనా మిగిలి ఉంటే దాన్ని అర్థం చేసుకునే యంత్రాంగం సిద్ధంగా ఉన్నట్టే. మీ అమ్మగారి విషయంలో నాకు ఆశ కలిగించేది అదే. అయితే థాలమస్‌లో స్పర్శ కేంద్రకం (స్పర్శను అందుకునే కణాల గుంపు) మొత్తంగా పోయిందా, కొంత మిగిలిందా అన్నది ఎంతో తేడా తెస్తుంది.

ఇక్కడ మెదడులోని రెండు అర్ధగోళాల (కుడి, ఎడమ సగాల) మధ్య పోటీ సంగతి కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న వైపు, దెబ్బతిన్న వైపును కొంత అణచి ఉంచుతుంది. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన వారి మంచి చేతికి మత్తు ఇచ్చి స్పర్శ తెలియకుండా చేస్తే, దెబ్బతిన్న చేతి స్పర్శ తాత్కాలికంగా మెరుగుపడింది. ఇంట్లో ఎవరూ మత్తు మందుల జోలికి పోనవసరం లేదు. కానీ ప్రతి పనికీ మంచి చేయే ముందుకు వస్తుంటే రెండో చేతికి ఎదురు తగులుతున్నది బద్ధకం ఒక్కటే కాదని తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. శ్రద్ధ లేకుండా స్పర్శ తిరిగి రాదు. గ్రెగ్ రెకాన్‌జోన్, మెర్జెనిచ్ బృందం 1992లో కోతుల వేళ్ళకు కంపనాలు ఇచ్చి రెండు గుంపులను పోల్చింది. ఆ కంపనాల్లో తేడా గుర్తిస్తేనే బహుమతి దక్కే కోతుల్లో ఎస్1 బాగా మారింది. అవే కంపనాలు వేళ్ళకు తగులుతున్నా, శబ్దాల మీద ధ్యాస పెట్టవలసి వచ్చిన కోతుల్లో అలాంటి మార్పు రాలేదు. తగిలిన కంపనాలు ఒకటే. తేడా అంతా ధ్యాసలోనే ఉంది. మన ఇళ్ళలో పొద్దున్నే నూనెతో చేతికి మర్దనా చేస్తూ, రోగి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండడం నేను తరచుగా చూస్తాను. మర్దనాతో చర్మానికి, కీళ్ళకు మేలు జరగవచ్చు, తల్లికి కొడుకు చేయి తగలడంలో ఉండే ఊరట చిన్నది కాదు, మానమని నేను చెప్పను. కానీ దాన్ని స్పర్శ శిక్షణగా లెక్క వేసుకోకండి.

మరి శిక్షణ అంటే ఏమిటి? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో లియాన్ కేరీ బృందం అభివృద్ధి చేసిన సెన్స్ అనే పద్ధతిని 2011లో 50 మందిపై పరీక్షించారు. పక్షవాతం వచ్చి చాలా నెలలు గడిచిన వారు కూడా అందులో ఉన్నారు. ఒక గుంపుకు పది గంటల ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. రెండో గుంపుకు వస్తువులు ఊరికే తాకించడం, పట్టించడం చేశారు. శిక్షణ పొందినవారు గణనీయంగా మెరుగుపడ్డారు, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మెరుగుదల నిలిచింది. ఆ పద్ధతిలో మూడు అంశాలపై పని చేస్తారు: గరుకు నునుపుల తేడా, చూడకుండా కీలు ఏ స్థితిలో ఉందో తెలియడం, చేత్తో వస్తువును గుర్తించడం. అందులోని సూత్రాలను మన ఇంటి వస్తువులతో ఎలా అమలు చేయవచ్చో చెబుతాను, కానీ మొదటి కొన్ని సార్లు దగ్గరలోని ఆక్యుపేషనల్ థెరపిస్టు చేత చేయించుకుని, చూసి నేర్చుకోండి.

మొదట తేడా బాగా పెద్దదిగా ఉన్న వస్తువులు తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ముతక శాండ్ పేపర్ ముక్క ఒకటి, పట్టుచీర ముక్క ఒకటి అట్ట మీద అతికించండి. కళ్ళు మూసుకుని కుడి చూపుడు వేలితో తాకి, ఏది గరుకో చెప్పమనండి. చెప్పగానే తప్పో ఒప్పో చెప్పండి. తప్పయితే కళ్ళు తెరిచి చూస్తూ అదే వేలితో మళ్ళీ తాకమనండి. ఆ తర్వాత ఎడమ చేతి వేలితో తాకి, "ఇలా ఉండాలి" అన్నది మనసులో పెట్టుకుని, మళ్ళీ కళ్ళు మూసి కుడి వేలితో తాకమనండి. మంచి చేతితో పోల్చుకోవడం, కంటితో సరిచూసుకోవడం, వెంటనే ఫలితం తెలియడం అన్న మూడూ కలిస్తేనే మెదడు ఈ కొత్త, బలహీనమైన సంకేతానికి పాత అర్థాన్ని తగిలించుకుంటుంది. పదికి ఎనిమిదో తొమ్మిదో సరిగ్గా చెప్పగలిగాక తేడా తగ్గించండి: ముతక శాండ్ పేపర్, సన్న శాండ్ పేపర్, తర్వాత నూలు చీర, పట్టు చీర, తర్వాత చీర ఒళ్ళు, జరీ అంచు.

లెక్క విషయంలో జాగ్రత్త. రెండింటిలో ఒకటి చెప్పమంటే, ఏమీ తెలియకపోయినా సగం సార్లు సరిగ్గానే వస్తుంది. పదికి ఐదు వచ్చాయని సంబరపడితే అది నిజం కాదు. అందుకే నేను మూడు ముక్కలు పెడతాను, రెండు ఒకేలాంటివి, ఒకటి వేరు. వేరుగా ఉన్నదేదో పట్టుకోమంటాను. అలాగే చెవులు, ముక్కు సాయం చేయకుండా చూసుకోండి. తాళాల గుత్తి గలగలమంటే వేళ్ళతో పని లేకుండా తెలిసిపోతుంది. మెంతులు, జీలకర్ర ముక్కుకే తెలుస్తాయి. ఇంట్లో చేసేటప్పుడు ఈ రెండు విషయాల దగ్గరే ఫలితం తప్పుగా కనిపిస్తుంది.

వస్తువులు గుర్తించే సాధనలో ఒక చిన్న విషయాన్ని గమనించండి. మనందరి అరచేతిలో రూపాయి బిళ్ళ పెడితే, అడగకముందే బొటనవేలు దాన్ని చూపుడు వేలి మీదికి జరిపి అంచు వెంట తిప్పుతుంది. స్పర్శ పోయిన చేతిలో బిళ్ళ పెడితే చేయి పళ్ళెంలా అలాగే తెరుచుకుని ఉండిపోతుంది. వెతికే కదలికే పోతుంది. సూసన్ లెడర్‌మన్, రాబర్టా క్లాట్జ్‌కీ 1987లో చూపినట్టు, మనం గరుకుదనం తెలుసుకోవడానికి అటూ ఇటూ రాస్తాం, గట్టిదనానికి నొక్కుతాం, ఆకారానికి అంచు వెంట వేలు నడుపుతాం, బరువుకు చేతిలో ఎత్తి పట్టుకుంటాం, వేడికి కదలకుండా ఆనించి ఉంచుతాం. ఈ కదలికలను విడివిడిగా తిరిగి నేర్పాలి. మొదట్లో నేను రోగి బొటనవేలిని నా వేళ్ళతో పట్టుకుని బిళ్ళ అంచు వెంట తిప్పుతాను. తర్వాత రూపాయి బిళ్ళ, పది రూపాయల బిళ్ళ. తర్వాత చొక్కా గుండీ, చింతగింజ. తర్వాత శనగ గింజ, పెసర గింజ. ఒక గిన్నెలో బియ్యం పోసి అందులో దాచిన చింతగింజలను చూడకుండా తీయించడం మంచి సాధనే, కానీ అది చివరిలో రావాలి. మొదటి రోజే పెడితే మనిషి నిరుత్సాహపడతారు.

ఒక విడతకు ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. ధ్యాస అలసిపోయాక చేసిన దానికి ఫలితం ఉండదు. వారానికి కనీసం మూడు రోజులు, వీలైతే ఐదు రోజులు, కొన్ని నెలల పాటు చేయాలి. టీవీ ఆపేయండి.

మీ అమ్మగారిలాగే థాలమస్ పక్షవాతం వచ్చిన ఒకావిడ గుర్తొస్తున్నారు. గుడి దగ్గర పూల దుకాణం ఆమె జీవనాధారం. నా దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏడాది గడిచింది. మల్లెమొగ్గలు ఎడమ చేత్తో జతచేసి, కుడి చేత్తో దారం ముడి వేసేటప్పుడు దారం వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో తెలిసేది కాదు. దారం మీద దృష్టి పెడితే మొగ్గలు జారేవి, మొగ్గల మీద పెడితే దారం జారేది. శాండ్ పేపర్‌తో మొదలుపెట్టి, పురికొస, తర్వాత ముతక నూలు దారం, చివరికి అరటినార దాకా వచ్చాం. కొన్ని నెలలకు ఆమె చూడకుండా మూర కట్టగలిగారు. మునుపటి వేగం రాలేదు. దూది తాకిడి తెలిసే పరీక్షలో మార్పు చాలా తక్కువే. కానీ దారం ఉందా లేదా అన్నది తెలిసింది. ఆమెకు కావలసింది అదే. అందుకే మీ అమ్మగారు ఏ పని తిరిగి చేసుకోవాలని కోరుకుంటున్నారో ముందు అడగండి, సాధనను ఆ పని వైపు నడపండి.

చిమచిమల సంగతి. ఇవి కోలుకునే దశలో రావచ్చు, కానీ చిమచిమలు వచ్చినంత మాత్రాన స్పర్శ వస్తున్నట్టు కాదు. కొత్తగా ఏర్పడే అనుసంధానాలన్నీ ఉపయోగపడేవే కావాలని లేదు. 2007లో ప్రచురితమైన ఒక కేసులో, థాలమస్ పక్షవాతం వచ్చిన ఒకావిడకు ఏడాదిన్నర తర్వాత కొన్ని శబ్దాలు వింటే ఒంటి మీద చిమచిమలాడే స్పర్శ కలగడం మొదలైంది. మెదడు దారులు కలుపుకున్నది నిజమే, కానీ ఆవిడకు పనికివచ్చే చోట కలపలేదు. కాబట్టి మెరుగుదలను ఆ చేయి ఏం గుర్తించగలుగుతోందన్న దానితోనే కొలవండి.

చిమచిమలు మంటగా మారినా, చన్నీళ్ళు తగిలితే భరించలేనంత బాధ కలిగినా, చీర అంచు రాసుకున్నా నొప్పి అనిపించినా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. డెజెరిన్, రూసీ అనే ఫ్రెంచ్ వైద్యులు 1906లో వర్ణించిన ఈ నొప్పి థాలమస్ దెబ్బతిన్న వారిలో, తరచుగా కొన్ని నెలల తర్వాత, మొదలవుతుంది. మామూలు నొప్పి మాత్రలు దీనికి సరిగా పనిచేయవు. దీనికి వేరే మందులు ఉన్నాయి, వయసు, గుండె, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టరే ఎంచాలి. ఈ బాధను "నరాలు పుంజుకుంటున్నాయి, ఓర్చుకో" అని సరిపెట్టడం ఆ మనిషికి అన్యాయం.

స్పర్శ వచ్చేలోగా కాపాడుకోవడం ఇంకా ముఖ్యం. స్నానం నీళ్ళు ఎడమ చేత్తో చూసుకోవాలి. కుడి చేతికి వేడి కాపడం, వేడినీళ్ళ సంచి అసలు వద్దు. కాపడం పెట్టి చర్మం కాలిన చేతులను నేను చాలా చూశాను. పొయ్యి దగ్గర పిడి ఉన్న గిన్నెలే వాడాలి, పట్టకారు కుడి చేతికి ఇవ్వకూడదు. రోజూ రాత్రి వేళ్ళ సందులు, అరికాలు వెలుతురులో చూసుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. మీ అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, బీ12 తక్కువైనా, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినా మొద్దుబారడం వస్తుంది. రెండు పాదాల్లోనూ తిమ్మిరి ఉంటే, లేదా మొదటి మూడు వేళ్ళలోనే ఉండి రాత్రిళ్ళు నిద్రలేపుతుంటే, అది పూర్తిగా మెదడు సమస్య కాకపోవచ్చు; వాటికి చికిత్స వేరు. అకస్మాత్తుగా కొత్తగా మొద్దుబారినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా సాధన సంగతి పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

మూలకణాల చికిత్సతో స్పర్శ తెప్పిస్తామని లక్షలు అడిగేవారు మీకు తారసపడవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతా వాటికి మూలకణాలను ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే వాడాలి. ట్రయల్‌లో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అయస్కాంత, విద్యుత్ ప్రేరణలతో ఎస్1ను ఉత్తేజపరిచే పరిశోధనలు జరుగుతున్నాయి, కొన్ని ఆశాజనకంగానే ఉన్నాయి, కానీ స్పర్శ సాధనకు బదులుగా వాటిని ఎంచుకునే స్థితి ఇంకా రాలేదు.

చివరిగా స్కాన్ గురించి అడిగారు. నేను పైన చెప్పిన ఫంక్షనల్ ఎంఆర్‌ఐ ఫలితాలు చాలావరకు ఎందరో రోగుల గుంపులను పోల్చి తేల్చినవి. ఒక్క మనిషి స్కాన్ చూసి "ఎస్2 పనిలో చేరింది, ఫలానా నెలకు స్పర్శ వస్తుంది" అని చెప్పడం కుదరదు, దాన్ని బట్టి చికిత్స మారదు కూడా. ఇప్పటికే తీసిన మామూలు ఎంఆర్‌ఐ రిపోర్టులో దెబ్బ థాలమస్ ఏ భాగంలో ఉందో, ఇంటర్నల్ క్యాప్సూల్ దాకా పాకిందో మీ న్యూరాలజిస్టును అడిగితే అంతకంటే ఎక్కువ ఉపయోగం. కొత్త స్కాన్‌కు పెట్టే డబ్బును కొన్ని నెలల థెరపీకి పెట్టండి. మొదలుపెట్టే రోజున మూడు ముక్కల పరీక్ష ఇరవై సార్లు చేసి ఎన్ని సరిగ్గా చెప్పారో తేదీ వేసి రాసుకోండి, నెలకోసారి అదే విధంగా మళ్ళీ చేయండి. ఆ అంకెలు, రిపోర్టులో దెబ్బ గురించి రాసిన వాక్యం ఇక్కడ రాస్తే, తర్వాత ఏ వస్తువులకు మారాలో చెప్పగలను.